ఎడమ భుజానికి తగిన సంచి

2001 నవంబరు 22, గురువారం. బందరులో తెల్లవారుజామున పల్చటి మంచు పట్టి, ఎనిమిదయ్యేసరికి విడిపోయింది. ఆ తర్వాత చక్కటి ఎండ. ఉత్తరపు గాలి, దండెం మీద చీర కొంగు కదిలేటంత. ఆకాశంలో వెతికి చూసినా మబ్బు తునక లేదు. అలాంటి రోజున గుడివాడ బస్సెక్కిన చలపతిరావు గారి ఎడమ భుజం నుంచి నీళ్లు కారుతున్నాయి.

కండక్టరు టికెట్టు చింపుతూ, "రేపు వానా అండీ?" అన్నాడు.

"చిన్నదే. తొమ్మిదింటికి మొదలవుతుంది. ఎప్పటికి తగ్గుతుందో ఇంకా తెలీదు."

"మా ఇంట్లో మిరపకాయలు ఆరబోశారండీ. పామర్రులో ఫోన్ చేసి చెప్పాలి," అని, ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చున్నాయన్ని లేపి ఆ సీటు చలపతిరావుకి ఇప్పించాడు. ఆ సీటయితే తడి గోడకే అంటుకుంటుంది. పక్కవాళ్ల బట్టలు పాడుకావు. ఆ రూటులో తిరిగే కండక్టర్లందరికీ అది అలవాటే.

రేపు పడబోయే వాన ఇవాళ ఆయన ఎడమ భుజం మీద పడుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. రేపు ఏ వేళకు మొదలవుతుందో ఇవాళ ఆ వేళకే మొదలవుతుంది. చినుకులు ఎవరికీ కనిపించవు, తడి మాత్రం కనిపిస్తుంది. గొడుగు వేసినా లాభం లేదు, గొడుగు కింద కూడా పడుతుంది. ఉద్యోగం విరమించిన రోజున తోటివాళ్లు సరదాకి ఒక మంచి గొడుగు బహుమతిగా ఇచ్చారు. చెక్క పిడి, నల్లటి పట్టుగుడ్డ. దాన్ని ఆయన ఇంతవరకూ విప్పలేదు. అన్నిటికంటే పెద్ద మేలు ఏమిటంటే, పడుకున్నప్పుడు మాత్రం ఆ వాన పడదు. పడేటట్టయితే భార్య భానుమతి ఏనాడో పుట్టింటికి వెళ్లిపోయి ఉండేది.

ఆయన చేసిన ఉద్యోగం కలంకారీ అద్దకం షెడ్డులో సూపర్వైజరు. అద్దకపు గుడ్డలు కాలవలో జాడించి గట్టు మీద పరిచాక ఒక్క చినుకు పడితే రంగు రంగులో కలిసిపోతుంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ షెడ్డులో ఒక్క తాను చెడలేదు. బి.ఏ. చదివినవాడికి అద్దకం ఏం తెలుస్తుందని మొదట్లో నవ్వినవాళ్లు కూడా తర్వాత ఆయన భుజం చూసే గుడ్డలు పరిచేవారు.

ఉద్యోగం అయిపోయాక ఆయనకు తిరుగుడు పట్టుకుంది. వీధిలో తనలాంటి విశ్రాంత ఉద్యోగుల్ని, వాళ్ల భార్యల్ని పోగేసి, ప్రతి నెలా ఒక ఆదివారం ఎటో ఒకవైపు బయల్దేరదీసేవాడు. ఘంటసాల, మొవ్వ, కొల్లేటి గట్టు, నాగాయలంక రేవు, ఎక్కడికయినా సరే, పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరాలి. దానికి ఒక సంచి కావాలి. ఇంకో సంచి తుపానుకి కావాలి. బందరులో కాస్త జాగ్రత్త తెలిసిన ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఒక సంచి వేలాడుతుంది. ఇంటి కాగితాలు, టార్చి, కొవ్వొత్తులు, జ్వరం మాత్రలు, అటుకులు. ఏ క్షణాన లేవమన్నా అది భుజాన వేసుకుని లేవాలి. చలపతిరావుకు ఈ రెండు సంచులూ బతికేవి కావు. గుడ్డ సంచి చివికిపోయింది. రెక్సిను సంచి పొట్టు లేచింది. కొడుకు బాబీ హైదరాబాదు నుంచి ప్రేమగా తెచ్చిన తోలు సంచికి ఒక్క శ్రావణమాసంలోనే బూజు పట్టి గడ్డం పెరిగినట్టయింది. ఘంటసాల వెళ్లినప్పుడు మాత్రలు కరిగి కలకండలో కలిసి, ఊరందరికీ జ్వరం మందు పానకం పంచినంత పనయింది.

అందుకే భానుమతిని వెంటబెట్టుకుని గుడివాడ ప్రయాణం. అక్కడ బస్టాండు వెనక ఇస్సాకు అనే ఆయన టార్పాలిన్ పట్టలు, మిలిటరీ రకం బూట్లు, సంచులు అమ్ముతాడు. పైగా గుడివాడలో చలపతిరావు అక్కగారు ఇందిరాదేవి ఉంది. సంచి కొనడానికి వెళ్తూ అక్కగారింట్లో భోంచేయకపోతే ఆ తర్వాత ఏడాది పాటు ఫోనులో వినాల్సి వస్తుంది.

భోజనాల దగ్గర ఇందిరాదేవి చేను సంగతి ఎత్తింది. దివిసీమలో, కోడూరు దాటాక తూర్పులంక అనే ఊళ్లో ఆమెకు రెండున్నర ఎకరాల వరిచేను ఉంది. దాన్ని జకరయ్య కౌలుకు చేస్తాడు. అతని తండ్రి కూడా ఆ చేనే చేశాడు. కిందటేడు కోసిన పనలు చేలో ఉండగా వాన పడి, గింజలు పన మీదే మొలకెత్తాయి. అప్పుడు చలపతిరావు హైదరాబాదులో కంటి ఆపరేషన్ చేయించుకుని కొడుకింట్లో ఉన్నాడు. ఆయన భుజం హైదరాబాదు వానలు చెప్పిందే గానీ తూర్పులంక వాన చెప్పలేదు.

"ఈ ఏడు కూడా పంట చేలో కుళ్లిందంటే నేనిక చూడలేను రా," అంది ఇందిరాదేవి పప్పు వడ్డిస్తూ. "నాని రొయ్యల చెరువు తవ్వుతానంటున్నాడు. వాడి మీద పడేస్తాను."

నాని ఆమె మరిది కొడుకు. కృత్తివెన్ను వైపు చెరువులు చేసి చెయ్యి తిరిగినవాడు.

"చెరువయితే మళ్లీ చేను కాదక్కా. ఉప్పు పట్టిపోతుంది."

"తెలుసు. అందుకే ఇంకో ఏడు ఆగాను. జకరయ్యకీ చెప్పాను. అతను ఏమీ అనలేదు, దండం పెట్టి వెళ్లాడు. ఏదన్నా అంటే బాగుండేది."

చలపతిరావు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. జకరయ్య, ఆయనా ఒక ఈడువాళ్లు కాకపోయినా స్నేహితులు. కోతల రోజుల్లో జకరయ్య రోజూ సాయంత్రం కోడూరు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి భుజం సంగతి అడుగుతాడు. ఆయన చెప్పినదాన్ని బట్టే కొడవలి పట్టడం, కుప్ప వేయడం. "ఈ ఏడు నేను బందరులోనే ఉన్నాను కదా. ఎందుకు కుళ్లుతుంది?" అన్నాడు.

ముగ్గురూ కలిసి ఇస్సాకు కొట్టుకు వెళ్లారు.

"ఎలాంటిది కావాలి బాబాయిగారూ?" అన్నాడు ఇస్సాకు.

"వీపు మీద వేసుకునేది. చేతులు ఖాళీగా ఉండాలి. కుట్టు ఊడకూడదు, జిప్పు తుప్పు పట్టకూడదు. ఆదివారానికీ పనికి రావాలి, తుపానుకీ పనికి రావాలి."

ఇస్సాకు మొదట కాలేజీ పిల్లలు వేసుకునే రకం తీశాడు. చలపతిరావు దాని పట్టీలు పట్టుకుని రెండు చేతులా లాగాడు. కుట్టు దగ్గర దారం పళ్లు బయటపెట్టింది. రెండోది కొండలెక్కేవాళ్ల సంచి, లోపల ఇనుప చట్రం. వేసుకుని అద్దంలో చూసుకున్నాడు.

"కావడి మోస్తున్నట్టుంది," అంది ఇందిరాదేవి.

ఆయన తలకిందులుగా తిప్పి చూశాడు, లోపల చెయ్యి పెట్టి చూశాడు, వాసన చూశాడు, ఒక బకిల్ పదిసార్లు పెట్టి తీశాడు. భానుమతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఇంత పరీక్ష చేయలేదు నాయనా," అంది ఇస్సాకుతో. "కాఫీ తాగి లేచి వెళ్లిపోయాడు."

"నిన్ను చూడగానే తెలిసిపోయింది, గట్టి సరుకని," అన్నాడు చలపతిరావు, జిప్పు మీంచి చూపు తిప్పకుండానే.

ఇస్సాకు నిచ్చెన ఎక్కి అటక మీంచి మూడోది దించాడు. ముదురు ఆకుపచ్చ. మైనం పట్టించిన మందపాటి కాన్వాసు. ఇత్తడి జిప్పులు. నడుముకు బెల్టు, ఛాతీ మీద క్లిప్పు. భుజం పట్టీలు జానెడు వెడల్పున, మెడ దగ్గర్నుంచి భుజం చివరి దాకా కప్పేస్తున్నాయి. వాటి మధ్యలో సన్నటి గాడి ఉండి వెనక్కి దిగుతుంది. అడుగున విడిగా ఒక అర, లోపలంతా రబ్బరు.

"ఈ అర తడిగుడ్డలకండీ. ఇందులోకి పోయిన చుక్క నీరు బయటికి రాదు. ఇది మంచు కొండల దాకా వెళ్లొచ్చే రకం."

"మేం హంసలదీవి దాకానే వెళ్తాం," అంది భానుమతి.

ఇస్సాకు చెంబుతో నీళ్లు తెచ్చి పట్టీ మీద పోశాడు. తామరాకు మీద పోసినట్టు జారిపోయాయి. చలపతిరావు సంచి వేసుకుని, బకిళ్లన్నీ బిగించుకుని, కొట్టు ముందు అటూ ఇటూ నడిచాడు, టీ తాగాడు, ఎదురుగా బార్బరు షాపువాడితో మాట్లాడి వచ్చాడు. సంచి దించి చూసుకుంటే చొక్కా భుజం ఆరిపోయి ఉంది. వాన ముందురోజున తన ఎడమ భుజం పొడిగా ఉండడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కాసేపు ఆ భుజాన్ని వేరేవాళ్ల భుజంలాగా నిమిరి చూసుకున్నాడు. భానుమతికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇక చొక్కాలు చివకవు, ఎండలో చొక్కా పిండక్కర్లేదు.

ఆ నీళ్లు ఎటు పోతున్నాయని నలుగురిలో ఎవరూ అడగలేదు. సంతోషంలో ఉన్న మనిషికి అలాంటి ప్రశ్నలు తట్టవు.

ఆ తర్వాతి రోజు చిన్న వాన పడి వెలిసింది. మళ్లీ ఎండలు. డిసెంబరు 2 ఆదివారం హంసలదీవి ప్రయాణం పెట్టుకున్నారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట సరుగుడు తోపులో భోజనాలు, తిరుగుదారిలో తూర్పులంకలో జకరయ్య ఇంట్లో టీ. ఇందిరాదేవి కూడా వస్తానంది. చేను చూసినట్టుంటుంది. నాని తన మెటాడోర్ వ్యాను తెస్తానన్నాడు. అతనికీ చేను చూడాలనే ఉంది, వేరే పని మీద.

శనివారం పొద్దుటి నుంచీ చలపతిరావు సంచి సర్దాడు. టార్పాలిన్ పట్ట, నైలాను తాడు, టార్చి, చాకు, ఈల, మాత్రలు, దూది, పాత చొక్కా.

"హంసలదీవిలో తాడెందుకండీ? స్వామివారిని కట్టేస్తారా?" అంది భానుమతి. ఆమె దృష్టిలో సంచిలో పెట్టాల్సింది పులిహోర, పెరుగు వడలు, రెండు డబ్బాల బందరు లడ్డు. పది మందితో ఒక ఊరు వెళ్తూ లడ్డు లేకుండా ఎలా వెళ్తారు? చివరికి పట్టా తాడూ ఉన్నాయి, లడ్డూ ఉంది, ఈల మాత్రం ఆమె తీసి దేవుడి గూట్లో దాచింది.

సందెదీపం పెట్టే వేళకు ఆయన సంచి వేసుకుని హాల్లో పచార్లు మొదలుపెట్టాడు. కొత్త చెప్పులు ఇంట్లో నడిచి అలవాటు చేసుకున్నట్టు.

"బరువెక్కుతోందేమిటే?"

"అరవై రెండేళ్లు నిండాయి కదా. ఇంకా బరువెక్కుతుంది," అంది భానుమతి దీపం వెలిగిస్తూ.

అప్పుడే ఫోన్ మోగింది. జకరయ్య. "అన్నగారూ, పనలు బాగా ఆరినయ్యండి. ఇంకొక్క ఎండ తగిల్తే గింజ గలగలలాడుద్ది. రేపు ఆదివారం, గుడికెళ్లాల, పని ముట్టుకోం. సోమవారం కుప్పేద్దామని. భుజం ఎట్టా ఉంది?"

చలపతిరావు పట్టీ కిందికి వేళ్లు పోనిచ్చి తడిమి చూసుకున్నాడు. చొక్కా పొడిగా, వెచ్చగా ఉంది.

"ఆరి ఉంది జకరయ్యా. సోమవారమే వేసుకో."

ఆ రాత్రి అలవాటు కోసమని భోజనం కూడా సంచితోనే చేసి, పక్క మీద వాలాకే దాన్ని దించాడు. ఆదివారం చీకటితోనే లేచి, స్నానం చేసి, తుడుచుకుంటూనే సంచి తగిలించుకున్నాడు. వ్యానులో కూడా దించలేదు, సీటు అంచున కూర్చున్నాడు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటుతుంటే రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో పనలు పడుకుని ఉన్నాయి, ఎండకు బంగారు రంగు తిరిగి. తూర్పులంక దగ్గర చలపతిరావు రోడ్డు మీంచే అక్కగారికి చేను చూపించాడు. చేను నిండా పనలే.

"బాగా పండిందిరా," అంది ఇందిరాదేవి. ఆ మాట మెల్లగా అంది, నాని వినకూడదన్నట్టు. నాని విన్నాడు. అతని కాళ్ల దగ్గర పొలాలు కొలిచే పొడుగాటి టేపు చుట్ట ఉంది.

హంసలదీవిలో స్వామి దర్శనం చేసుకుని, సరుగుడు తోపులో దుప్పట్లు పరిచారు. మంచి ఎండ. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి సరుగుడు చెట్లు ఈల వేస్తున్నాయి.

"వచ్చినప్పట్నుంచీ అలా వంగి నడుస్తున్నారేమిటి? అది దించండి, వడ్డన మొదలుపెట్టాలి," అంది భానుమతి.

చలపతిరావు క్లిప్పు తీసి, బెల్టు తీసి, సంచి ఇసుకలో పెట్టాడు. అది దబ్బున కూర్చుంది. నీళ్లబిందె దించితే వచ్చే చప్పుడు వచ్చింది. ఆయన నడుము నిటారుగా చేసి ఊపిరి పీల్చుకునే లోపే ఎడమ భుజం మీద వాన పడింది. మామూలు వాన కాదు. చొక్కా, పంచె, ఆఖరికి కుడిపక్కన కూర్చున్న భానుమతి విస్తరి, అన్నీ తడిసిపోయాయి.

ఇందిరాదేవి వంగి సంచి అడుగున ఉన్న అర జిప్పు లాగింది. బుడబుడమంటూ నీళ్లు బయటికి దూకి, ఇసుకలో చిన్న కాలవ కట్టి, సముద్రం వైపు పారాయి. నిన్నటి నుంచీ ఆయన భుజం మీద పడ్డ వానంతా గాడి వెంట దిగి అక్కడ నిలవుండిపోయింది.

"జకరయ్యకి ఆరి ఉందని చెప్పాను," అన్నాడు చలపతిరావు.

"ఇది ఎప్పుడు మొదలయిందో తెలిస్తే గదా," అన్నాడు నాని. "ఈ పాటికి పడుతూనే ఉందేమో అక్కడ."

"నాకు తెలుసు," అంది భానుమతి. "సందెదీపం పెడుతుంటే బరువెక్కుతోందన్నారు. నేను మీ వయసన్నాను. అప్పుడే మొదలయింది." ఆమె లేచి విస్తళ్లు మూట కట్టేసింది. "ఇవాళ దీపాల వేళ దాకా టైముంది. లేవండి."

పులిహోర గిన్నెలు మూతలు కూడా తీయకుండా మళ్లీ వ్యానెక్కాయి. నాని వ్యాను తోలాడు. ఏమనుకుంటూ తోలాడో గానీ, వేగంగానే తోలాడు.

తూర్పులంక చర్చి గుళ్లో ప్రార్థన అప్పుడే అయింది. తెల్లబట్టలు కట్టుకున్న జనం ఇంకా మెట్ల మీదే ఉన్నారు. జకరయ్య చేతిలో పాటల పుస్తకంతో ఎదురొచ్చాడు. ఎండలో నిలబడి నీళ్లు కారుతున్న చలపతిరావుని చూసి ఆగిపోయాడు.

"రాత్రి ఆరి ఉందన్నారు కదండీ."

"సంచి కప్పేసింది జకరయ్యా. నేను తెలుసుకోలేకపోయాను. దీపాల వేళకి పడుతుంది. పెద్దది."

జకరయ్య చేను వైపు చూశాడు, ఇందిరాదేవి వైపు చూశాడు, ఆమె వెనక నాని చేతిలో టేపు చూశాడు. అతని భార్య దేవమ్మ మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. "దేవుడు మన్నిస్తాడు గానీ వాన మన్నించదు. పదయ్యా," అని, గుళ్లోకి తిరిగి వెళ్లి మైకు అందుకుంది. తూర్పులంక నాలుగు మూలలా ఆమె గొంతు మోగింది.

"అందరూ వినండి. చలపతిరావుగారి ఎడం భుజం తడిసింది. దీపాల వేళకి వాన. కోసినోళ్లు మీ మీ చేలకి వెళ్లండి. కోయనోళ్లు మా చేలోకి రండి. కొత్త చీరలు కట్టుకున్నోళ్లు మార్చుకుని రండి, తర్వాత నన్ననొద్దు."

ఇంకొక వివరణ ఎవరూ అడగలేదు. సగం ఊరు ఇంకా కోతలు మొదలుపెట్టలేదు. వాళ్లంతా జకరయ్య చేలోకి దిగారు. బందరు నుంచి వచ్చిన విశ్రాంత ఉద్యోగులు ప్యాంట్లు మడిచారు. ఒకరు పనలు ఎత్తుతుంటే ఒకరు కట్టలు కడుతున్నారు, ఒకరు నెత్తిన పెట్టుకుని గట్టు మీద మెరకకు మోస్తున్నారు. అక్కడ జకరయ్య కుప్ప వేస్తున్నాడు. కుప్ప వేయడం అందరికీ రాదు. వెన్నులు లోపలికీ మొదళ్లు బయటికీ ఉండాలి, గుండ్రంగా పైకి లేస్తూ ఇంటికప్పులా వాలు రావాలి. వెన్ను ఒక్కటి బయటికి చూసినా అక్కడి నుంచి నీరు దిగుతుంది.

చలపతిరావు మొదటి కట్ట ఎత్తుకోగానే దేవమ్మ అడ్డుపడింది. "అన్నయ్యగారూ, మీరు ముట్టుకోమాకండి. మీ భుజం మీద పెడితే అక్కడే తడిసిపోద్ది."

నిజమే. ఆయన అందరికంటే దూరంగా గట్టు చివర నిలబడాల్సి వచ్చింది. తన మాట మీద తడవబోతున్న పంటని తాను ముట్టుకోడానికి లేదు. చొక్కా పిండుకుంటూ, వాన ఎంత గట్టిదో చూసుకుంటూ, "ఇంకా పెరుగుతోంది," అని మాత్రం కేకేస్తున్నాడు. అది విని చేలో చేతులు ఇంకా వేగంగా ఆడాయి.

ఇందిరాదేవి చీర కుచ్చెళ్లు దోపుకుని చేలోకి దిగింది. డెబ్బై ఏళ్ల మనిషి. "అమ్మగారూ, మీరెందుకండీ," అన్నాడు జకరయ్య కుప్ప మీంచి.

"చేను నాదే కదయ్యా," అందామె పన ఎత్తుతూ.

నాని కాసేపు వ్యానుకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ పనలు మోస్తుంటే చూస్తూ నిలబడడం ఎవరివల్లా కాదు. టేపు మెడలో వేసుకుని అతనూ దిగాడు.

నాలుగింటికి తూర్పున మబ్బు లేచింది. ఐదింటికి సగం ఆకాశం నల్లబడింది. ఆఖరి కట్ట కుప్ప నెత్తికి చేరేసరికి గాలి తిరిగింది. అప్పుడు సంచితో పని పడింది. దేవమ్మ చలపతిరావు దగ్గర్నుంచి సంచి లాక్కుని, తన ఎడమ భుజాన తగిలించుకుని, నిచ్చెన మీదుగా కుప్ప ఎక్కింది. పట్ట తీసి జకరయ్యా ఆమే కలిసి నెత్తి మీద కప్పారు. భానుమతి ఎగతాళి చేసిన నైలాను తాడు కిందికి వదిలారు. ఒకసారి చుట్టుకొచ్చేసరికి తాడు అయిపోయింది. కుప్ప అంత పెద్దది లేచింది. గాలికి పట్ట ఒక మూల లేచి కొట్టుకుంటోంది.

"ఇంకో తాడు," అని అరిచాడు జకరయ్య.

ఊళ్లోకి వెళ్లి తెచ్చే వ్యవధి లేదు. ఇందిరాదేవి చుట్టూ చూసింది. ఆమె చూపు నాని మెడ మీద ఆగింది.

నాని టేపు తీశాడు. చివర పట్టుకుని పైకి విసిరాడు. కుప్ప చుట్టూ తనే పరుగెత్తి చుట్టాడు, మెలివేసి ముడి బిగించాడు. ముడి పడిందో లేదో, ఊళ్లో గుడిసెల్లో దీపాలు వెలిగాయి. మొదటి చినుకు దేవమ్మ నుదుటి మీద పడింది. ఆ వెంటనే చలపతిరావు భుజం మీద వాన నిలిచిపోయింది. వాన ఒక రోజుకి మించి కురిసేది కాదన్నమాట, రేపీపాటికి వెలుస్తుంది. కానీ కురిసినంతసేపూ ఆకాశం చిల్లు పడ్డట్టే కురిసింది.

అందరూ గుడి వరండాలోకి చేరారు. మధ్యాహ్నం తినని పులిహోర, ఊళ్లో ఎవరెవరో తెచ్చిన చేపల పులుసు, రెండు డబ్బాల లడ్డు. తడిసిన తెల్లబట్టలవాళ్లూ బురద ప్యాంట్లవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. ఒక ముసలాయన లడ్డు కొరికి, "మీ బందరు భుజమే అనుకున్నాను, లడ్డు కూడా నమ్మదగిందే," అన్నాడు. మెరుపు మెరిసినప్పుడల్లా చేను చివర కుప్ప కనబడుతోంది, పొడిగా, కదలకుండా.

జకరయ్య దాన్నే చూస్తున్నాడు. చలపతిరావు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఆయన చొక్కా ఆరుతోంది.

"నానీ, టేపేదిరా? కొలుస్తానన్నావుగా," అంది ఇందిరాదేవి.

"కుప్పకి కట్టేశాం కదా పెద్దమ్మా."

"అయితే అక్కడే ఉండనీ."

చేను సంగతి ఆమె ఆ తర్వాత ఎత్తలేదు. జకరయ్య లేచి ఆమెకు దండం పెట్టాడు. ఈసారి కూడా ఏమీ అనలేదు. కానీ కిందటిసారి ఏమీ అనకపోవడానికీ దీనికీ చాలా తేడా ఉందని ఆమెకు తెలిసింది. దేవమ్మ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి తూర్పులంక గుళ్లో ఉదయం పాడిన పాటలన్నీ మళ్లీ పాడారు. వానకు వినపడదని గొంతెత్తి పాడారు.

ఆ వారమే చలపతిరావు సంచి తీసుకుని ఇస్సాకు దగ్గరికి వెళ్లాడు.

"అడుగున ఒక చిల్లు పెట్టాలయ్యా."

ఇస్సాకు ముఖం మాడ్చుకున్నాడు. "ఇంత గట్టి సంచికి చిల్లు పెట్టమంటారా బాబాయిగారూ? చుక్క కారకూడదని చేసింది."

"కారాలి. కారితేనే అది నా సంచి."

ఇస్సాకు రబ్బరు అరకు ఇత్తడి కన్ను బిగించి ఇచ్చాడు. అప్పటి నుంచి వాన ముందురోజున ఆయన నడిచిన దారి పొడవునా ఎడమ మడమ వెనక ఒక తడిగీత పడేది. చొక్కాలూ చివకలేదు, వీధికి కబురూ ఆగలేదు. పిండి వడియాలు పెట్టుకోవాలనుకున్న ఇల్లాళ్లు ముందు రోడ్డు చూసేవారు. అలా ఐదేళ్ల పైచిలుకు ఆ సంచితో తిరిగాడు. ఆదివారాలకీ పనికొచ్చింది, రెండు తుపాన్లకీ పనికొచ్చింది.

2007 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్లీ లేవలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు, భుజం పొడిగా ఉంది. మర్నాడు దహనానికి తూర్పులంక నుంచి వ్యాను నిండా జనం వచ్చారు. రాళ్లు పగిలే ఎండ. వాకిట్లో ఆడవాళ్ల మధ్య నిలబడ్డ దేవమ్మ ఎడమ భుజం తడిసి, జాకెట్టు చేతి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. భానుమతి ఏడుపు మధ్యలో అది చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, పక్కింటి పిల్లని పిలిచి, రేపటికి దండెం మీద గుడ్డలు లోపల పెట్టించమని చెప్పింది.

సంచి జకరయ్య ఇంటికి వెళ్లింది. తలుపు వెనక మేకుకి ఉంటుంది, కోతలప్పుడు దేవమ్మ భుజాన ఉంటుంది. విప్పని గొడుగు ఇస్సాకుకి పంపారు, అతను కొట్టులో వేలాడదీసి, అమ్మకానికి కాదని చీటీ పెట్టాడు. ఇందిరాదేవి ఆ మరుసటి ఏడాది పోతూ చేను దేవమ్మ పేర రాసింది. నానికి టేపు మిగిలింది. దాని మీద గడ్డి పసుపు పట్టి కొన్ని అంకెలు కనబడవు, అయినా అతను పారేయలేదు. ఫోను భానుమతి ఉంచుకుంది. ఇప్పుడు సాయంత్రం పూట తూర్పులంకకి తనే చేసి అడుగుతుంది.

బాబీకి మాత్రం ఏమీ రాలేదు. దహనం మర్నాడు, దేవమ్మ భుజం చెప్పిన వేళకే వాన మొదలయినప్పుడు, అతను వాకిట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. అందరిలాగే, వాన పడ్డాకే తడిశాడు.